విన్నవాడు, చూసినవాడు, చదివేవాడు: బౌద్ధ సుత్తాలు, యాత్రాకథనాల శ్రవణ పఠనంలో సాక్ష్యం

వ్యాస సంగ్రహం

బౌద్ధ సుత్తం "విన్నాను" అనే సాక్ష్యం మీద, యాత్రాకథనం "చూశాను" అనే సాక్ష్యం మీద నిలబడతాయి. ఈ రెండు ప్రక్రియల రచనలను శ్రవణ పుస్తకాలుగా చదివే వ్యక్తి ఆ విన్నవాడూ కాదు, ఆ చూసినవాడూ కాదు. మూడవ వ్యక్తి గొంతులో మొదటి ఇద్దరి సాక్ష్యం ఎలా నిలుస్తుంది, ఎక్కడ చెదురుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. పాలి వాఙ్మయంలోని పఠన నియమాలు, పేయ్యాల పద్ధతి, ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్‌ల యాత్రా గ్రంథాలు, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఇందుకు ఆధారాలు. శ్రవణ పఠనాన్ని ప్రదర్శనగా కాక, ఒక పాఠ పరిష్కరణగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శ్రవణ పుస్తకం, వాచకుడు, భాణక సంప్రదాయం, పేయ్యాలం, సరభఞ్ఞం, యాత్రాసాహిత్యం, సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

గ్రంథాన్ని చెవితో చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పురాణ కాలక్షేపం, హరికథ, రేడియో నాటకం, రికార్డుగా వచ్చి ఊరూరా వినిపించిన ఘంటసాల భగవద్గీత ఇవన్నీ గ్రంథాన్ని గొంతు ద్వారా అందించినవే. అయితే ఈ రూపాలలో చెప్పేవానికీ వినేవానికీ మధ్య ఒక స్పష్టమైన ఒడంబడిక ఉంది. పౌరాణికుడు పద్యం చదివి వ్యాఖ్యానిస్తాడు. హరిదాసు నడుమ పిట్టకథ చేరుస్తాడు. ఘంటసాల గానం చేసినవి ఎంపిక చేసిన శ్లోకాలేనని, వాటికి తాత్పర్యం జోడించారని శ్రోతకు తెలుసు. మూలం ఎక్కడ ముగిసి వ్యాఖ్య ఎక్కడ మొదలవుతుందో శ్రోత గుర్తు పట్టగలడు.

నేడు ఆడియో బుక్ అని వ్యవహరిస్తున్న శ్రవణ పుస్తకం వేరొక ఒడంబడిక మీద నడుస్తుంది. "ఇది ఆ పుస్తకమే" అన్నది దాని హామీ. పుస్తకంలోని ప్రతి వాక్యం అదే వరుసలో వినిపిస్తుందని శ్రోత నమ్ముతాడు. దాసుభాషితం వంటి తెలుగు వేదికలు రావడంతో ఈ రూపం మన సాహిత్య వ్యవహారంలో భాగమైంది. విద్యార్థులు ప్రయాణంలో, ఇంటిపనిలో వింటూ గ్రంథ పరిచయం చేసుకుంటున్నారు. అందువల్ల శ్రవణ పుస్తకాన్ని వినోద సాధనంగా పక్కన పెట్టడం ఇకమీద విమర్శకు కుదరదు.

బౌద్ధ గ్రంథాలనూ ఆధ్యాత్మిక యాత్రాకథనాలనూ కలిపి పరిశీలించడానికి ఒక కారణం ఉంది. సంప్రదాయం ప్రకారం రాజగృహంలో జరిగిన ప్రథమ సంగీతిలో ఆనందుడు బుద్ధ వచనాన్ని పఠించాడు. సుత్తాల ఆరంభంలో వచ్చే "నేను" ఆ ఆనందునిదే. అది బోధకుని "నేను" కాదు, శ్రోత "నేను". తాను ఫలానా చోట, ఫలానా సందర్భంలో విన్నదానిని చెబుతున్నానని అతడు మొదటే ప్రకటిస్తాడు. యాత్రాకథనంలోని "నేను" కూడా ఇటువంటి ప్రకటనే చేస్తుంది, అక్కడ చెవి స్థానంలో కన్ను ఉంటుంది. రెండింటికీ ప్రామాణ్యం ఒక మనిషి అక్కడ ఉండడం వల్ల వచ్చింది. స్టూడియోలో మైకు ముందు కూర్చున్నవాడు అక్కడ లేడు. ఈ దూరాన్ని అతని గొంతు దాచిపెడుతుందా, గౌరవిస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. వాచకుడు: ఒక శాసన పదం

శ్రవణ పుస్తకం చదివేవారిని తెలుగులో ఏమనాలన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. "గళం", "స్వరం", "పఠనం" అని రకరకాలుగా రాస్తున్నారు. ఈ వ్యాసంలో "వాచకుడు" అనే పదాన్ని వాడుతున్నాను. ఆ పదానికి తెలుగు నేలమీదనే పాత ఆధారం ఉంది.

నాగార్జునకొండ మహాచైత్య శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరానికి చెందినవి. క్రీ.శ. 3వ శతాబ్ది నాటి ఆ శాసనాలలో చైత్య నిర్మాణాన్ని పూర్తి చేయించిన భదంత ఆనందుడు దీఘ, మజ్ఝిమ నికాయాలను ధరించినవాడుగా పేర్కొనబడ్డాడు. అతని ఆచార్యులు దీఘ, మజ్ఝిమ, పంచమాతుకలకు "వాచకులు". ఇక్కడ ధరించడం అంటే కంఠస్థం చేసి నిలుపుకోవడం. వాచకుడు ఆ నిలుపుకొన్నదానిని పలికి మరొకరికి అందించేవాడు. భర్హుత్ శాసనాలలో దాతల పేర్లకు "భాణక", "పేటకి", "పంచనేకాయిక" అనే విశేషణాలు కనిపిస్తాయి. గ్రంథాన్ని గొంతులో మోయడం ఆ కాలంలో ఒక బాధ్యతాయుతమైన హోదా అని వీటివల్ల తెలుస్తుంది.

ఈ బాధ్యత వ్యక్తిగతమైనది కాదు. ఒక్కొక్క నికాయానికి ఒక్కొక్క భాణక వర్గం ఉండేది. ఒకడు తప్పితే పక్కవాడు సరిదిద్దుతాడు. "సంగీతి" అనే మాటకు కలిసి పలకడం అని అర్థం. క్రీ.పూ. 1వ శతాబ్దిలో వట్టగామణి అభయుని కాలంలో శ్రీలంకలో పాలి త్రిపిటకం గ్రంథస్థమైన తరువాత కూడా ఈ పద్ధతి ఆగలేదు. 1954 నుండి 1956 వరకు రంగూన్‌లో జరిగిన ఛట్ఠ సంగాయనంలో అచ్చుకు సిద్ధమైన పాఠాన్ని సభలో పఠించి ఆమోదించారు. అంటే ఈ సంప్రదాయంలో రాత వచ్చాక కూడా గొంతు రాతకు కేవలం అనుబంధం కాలేదు. అది రాతను సరిచూసే సాధనంగా కొనసాగింది.

నేటి వాచకుడు ఒంటరిగా చదువుతాడు. సరిదిద్దే సమూహం లేదు. శబ్దంలో దోషం ఉంటే సాంకేతిక నిపుణుడు గుర్తిస్తాడు, పాఠంలో దోషాన్ని గుర్తించేవారు సాధారణంగా ఆ గదిలో ఉండరు. భాణకునికీ నేటి వాచకునికీ ఉన్న అసలు తేడా యంత్రం కాదు, ఈ సరిచూసే వ్యవస్థ లోపించడమే.

3. సోణుని పఠనం, స్వర నియమాలు

పఠనం ఎలా ఉండాలన్న ప్రశ్నకు పాలి వాఙ్మయంలోనే సమాధానాలున్నాయి. ఉదానం 5వ వర్గంలో సోణ కుటికణ్ణుని వృత్తాంతం వస్తుంది. అతడు అవంతి దేశంలో మహాకచ్చాయనుని శిష్యుడు. భగవానుని గురించి విన్నాను కాని ముఖాముఖి చూడలేదే అన్న ఆలోచన అతనికి కలుగుతుంది. ఆచార్యుని అనుమతితో శ్రావస్తి దాకా ప్రయాణిస్తాడు. జేతవనంలో ఆ రాత్రి బుద్ధుడు ఉన్న విహారంలోనే బస చేస్తాడు. తెల్లవారుజామున బుద్ధుడు ధమ్మాన్ని పలకమని అడిగితే, అట్ఠకవగ్గంలోని 16 సుత్తాలనూ స్వరంతో పఠిస్తాడు. చూడడానికి వచ్చినవాడు వినిపించినవాడయ్యాడు. ఈ చిన్న కథలో యాత్ర, శ్రవణం, దర్శనం, పఠనం నాలుగూ కలిశాయి.

బుద్ధుడు అతని పఠనాన్ని మెచ్చుకున్న తీరు గమనింపదగినది. బాగా నేర్చుకున్నావు, బాగా మనసుకు పట్టించుకున్నావు, బాగా నిలుపుకున్నావు అన్నవి మొదటి ప్రశంసలు. మాట స్పష్టంగా, నిర్దోషంగా, అర్థాన్ని తెలియజేసేదిగా ఉందన్నది ఆ తరువాతి ప్రశంస. గొంతు మాధుర్యం ఈ వరుసలో ముందు నిలవలేదు. గ్రహణం ముందు, ఉచ్చారణ తరువాత, ఆ ఉచ్చారణకు గీటురాయి అర్థబోధ.

దీనికి రెండవ వైపు వినయపిటకంలో కనిపిస్తుంది. చుల్లవగ్గంలో, కొందరు భిక్షువులు ధమ్మాన్ని దీర్ఘమైన గీతస్వరంతో పాడగా బుద్ధుడు దానిని నిషేధించి అయిదు దోషాలను చెప్పినట్లు ఉంది. పాడేవాడు తన స్వరం మీద తానే మోహపడతాడు. ఇతరులూ ఆ స్వరం మీద మోహపడతారు. గృహస్థులు తమలాగే వీరూ పాడుతున్నారని విమర్శిస్తారు. స్వరాన్ని తీర్చిదిద్దే శ్రద్ధలో ఏకాగ్రత చెదురుతుంది. తరువాతి తరం దానినే ఆదర్శంగా తీసుకుంటుంది. అయితే స్వరమే వద్దని చెప్పలేదు. "సరభఞ్ఞం", అంటే స్వరయుక్త పఠనం, అనుమతించబడింది. గానానికీ సరభఞ్ఞానికీ మధ్య గీత ఎక్కడ ఉందన్నది ఆచరణలో తేల్చుకోవలసిన విషయం. ఆ గీత సూత్రప్రాయంగా మాత్రం స్పష్టమే. శ్రోత దృష్టి అర్థం నుండి గొంతు మీదికి మళ్ళిన చోట గానం మొదలైంది.

ఈ అయిదు దోషాలలో మొదటి రెండూ, చివరిదీ నేటి శ్రవణ పుస్తకానికి నేరుగా వర్తిస్తాయి. ధమ్మపద పఠనానికి వెనుక వేణునాదం, గంటల ధ్వని, నీటి గలగల చేర్చడం వాడుకలోకి వచ్చింది. వాటివల్ల శ్రోతకు హాయి కలుగుతుంది. ఆ హాయి గాథ వల్ల కలిగినదా, వేణువు వల్ల కలిగినదా అన్న ప్రశ్నను శ్రోత వేసుకోడు. ఒక తరం శ్రోతలు ఇలా విని పెరిగితే, సంగీతం లేని ధమ్మపదం వారికి అసంపూర్ణంగా తోస్తుంది. అయిదవ దోషం చెబుతున్నది ఇదే.

4. పేయ్యాలం: కంటికి కుదించినది చెవికి

సుత్తాల శైలిలో పునరుక్తి ప్రధానమైనది. స్టీవెన్ కాలిన్స్, మార్క్ ఆలన్ వంటి పండితులు ఈ శైలిని మౌఖిక సంప్రదాయంతో ముడిపెట్టి చర్చించారు. 1997లో వెలువడిన ఆలన్ గ్రంథం పాలి గద్యంలోని పునరుక్తి, పర్యాయపదాల వరుసలు, పెరుగుతూ పోయే అక్షర సంఖ్య ధారణకు ఎలా తోడ్పడతాయో విశ్లేషించింది. రాతలో ఈ పునరుక్తులను కుదించే పద్ధతికి పేయ్యాలం అని పేరు. వ్రాతప్రతులలో, అచ్చు ప్రతులలో "పె" అనే గుర్తు కనిపిస్తుంది. తెలుగు అనువాదకులు "పూర్వం వలెనే" అని గాని, చుక్కలు పెట్టి గాని సరిపెడతారు.

అచ్చుపేజీలో ఈ గుర్తు ఒక సూచన. పాఠకుడు వెనక్కి చూసి ఖాళీని పూరించుకోగలడు. చెవికి వెనుక పేజీ లేదు. కాబట్టి చెవి కోసం పుట్టిన పాఠం, కంటి కోసం కుదించబడి, ఆ కుదింపుతోనే మళ్ళీ చెవికి చేరుతున్నది. శ్రవణ పుస్తకంలో సుత్తం తన సహజ రూపానికి తిరిగి వచ్చిందని కొందరు అనడం వినిపిస్తుంది. పేయ్యాలాన్ని పట్టించుకోకుండా ఆ మాట అనడం తొందరపాటు.

మజ్ఝిమనికాయంలోని 10వదైన సతిపట్ఠాన సుత్తాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అట్ఠకథ లెక్క ప్రకారం ఇందులో 21 భావనా విధానాలు ఉన్నాయి. ప్రతి విధానం తరువాత ఒకే పల్లవి వంటి భాగం వస్తుంది. అచ్చులో అది చాలా చోట్ల చుక్కలుగా మారుతుంది. దానిని వదిలి చదివితే సుత్తం 21 అంశాల జాబితాగా వినిపిస్తుంది. పల్లవితో చదివితే ప్రతి అంశం తరువాత శ్రోత ఒకే చోటికి తిరిగి వస్తాడు. ఊపిరి, వేదన, చిత్తం అని విషయం మారుతుంది, చూసే తీరు మారదు. ఈ నిర్మాణమే ఆ సుత్తం బోధ.

అదే సుత్తం ముగింపు మరింత స్పష్టమైన ఉదాహరణ. ఈ సాధన ఫలించడానికి పట్టే కాలం గురించి అక్కడ ఒక అవరోహణ క్రమం ఉంది. ఏడు సంవత్సరాలతో మొదలై ఒక సంవత్సరం వరకు, ఆపై ఏడు నెలల నుండి ఒక నెల వరకు, తరువాత అర్ధమాసం, చివరకు ఏడు రోజులు. మొత్తం 16 మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా అంతకాలం అక్కరలేదు అన్న మాట వస్తుంది. అచ్చులో ఇది రెండు మూడు పంక్తులకు కుదురుతుంది. వాచకుడు కూడా "ఏడేళ్ళు మొదలు ఏడు రోజుల వరకు" అని దాటేస్తే సమాచారం అందుతుంది, అనుభవం అందదు. 16 మెట్లూ విన్న శ్రోతకు ఏడేళ్ళ దూరంలో ఉన్నది మెల్లగా ఈ వారానికి దిగి వస్తుంది. ఆ దిగుడును వినడానికి పట్టే సమయమే దాని అర్థంలో భాగం.

అలాగని ప్రతి పేయ్యాలాన్నీ పూరించాలని చెప్పడం ఆచరణ యోగ్యం కాదు. సంయుత్త, అంగుత్తర నికాయాలలో కొన్ని పేయ్యాల వర్గాలు పూర్తిగా విస్తరిస్తే గంటల కొద్దీ సాగుతాయి. సంప్రదాయం కూడా వాటిని కుదించే నిలుపుకుంది. అందువల్ల వాచకుడు మూడు రకాలను వేరు చేయాలి. పునరుక్తి వల్ల అర్థం పెరిగే చోట పూర్తిగా చదవాలి. ఒక్క పదం మాత్రమే మారే జాబితాలలో మొదటిదీ చివరిదీ పూర్తిగా, నడుమ ఉన్నవి మారే పదంతో చదవవచ్చు. పూర్తిగా వదిలిన చోట వదిలినట్లు చెప్పాలి. మూడవది అన్నిటికంటే ముఖ్యం. చెప్పకుండా వదిలితే శ్రోత కుదింపునే మూలమనుకుంటాడు.

5. ప్రశాంత స్వరం చేసే నష్టం

బౌద్ధ గ్రంథం అనగానే ఒక మంద్రమైన, తొణకని, లాలించే గొంతు వాడుకలో స్థిరపడింది. ధ్యాన మార్గదర్శక రికార్డింగుల నుండి అది గ్రంథ పఠనంలోకి వచ్చింది. ధ్యాన సూచనలకు ఆ గొంతు తగినదే కావచ్చు. నికాయాలన్నిటికీ అది తగదు. నికాయాలలో వాదం ఉంది, వ్యంగ్యం ఉంది, ఎదుటివాని మాటతోనే అతనిని చిక్కించే ప్రశ్నోత్తరం ఉంది.

దీఘనికాయంలోని 13వదైన తేవిజ్జ సుత్తంలో బ్రహ్మసాయుజ్యానికి మార్గం చెప్పే ఆచార్యులలో బ్రహ్మను ముఖాముఖి చూసినవారు ఎవరైనా ఉన్నారా అని బుద్ధుడు ప్రశ్నిస్తాడు. ఆచార్యుడు చూడలేదు, ఆచార్యుని ఆచార్యుడూ చూడలేదు. ఒకరి వెనుక ఒకరు పట్టుకొని నడిచే గుడ్డివారి వరుస, ఎన్నడూ చూడని సుందరిని ప్రేమించినవాడు, లేని మేడకు మెట్లు కట్టేవాడు అనే ఉపమానాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఇది సభలో నవ్వు పుట్టించగల ఘట్టం. ప్రశ్నకూ జవాబుకూ మధ్య వేగం ఉండాలి. ఒకే తీరు ప్రశాంత స్వరంలో ఈ ఘట్టం నీతిబోధగా మారి, వాదం అదృశ్యమవుతుంది. వాసెట్ఠుడు క్రమంగా ఇరుకున పడుతున్నాడన్నది శ్రోతకు తెలియదు.

ఈ సుత్తం వాచకుని వృత్తిని కూడా ప్రశ్నిస్తుందన్నది గమనించాలి. చూడనివారు చూడనివారి మాటను పదే పదే వల్లించడమే ఇక్కడ విమర్శకు గురైంది. కాలామ సుత్తం కూడా పరంపరగా విన్నంత మాత్రాన దేనినీ అంగీకరించవద్దని చెబుతుంది. విన్నాను అని మొదలయ్యే వాఙ్మయమే వినికిడిని అంతిమ ప్రమాణంగా ఒప్పుకోలేదు. అటువంటి వాఙ్మయాన్ని ప్రశ్నకు తావివ్వని భక్తిస్వరంతో చదవడం పాఠానికి విరుద్ధమైన వ్యాఖ్యానం. ఒక్క అక్షరం మార్చకుండానే వాచకుడు ఆ వ్యాఖ్యానం చేయగలడు. శ్రవణ పఠనాన్ని విమర్శ పట్టించుకోవలసింది ఇందుకే.

6. యాత్రాకథనం: చూసినది, విన్నది

బౌద్ధ యాత్రాసాహిత్యంలో ప్రసిద్ధమైన రెండు చైనా గ్రంథాలకూ నోటిమాటతో సంబంధం ఉంది. ఫాహియాన్ 399లో బయలుదేరి 15వ సంవత్సరానికి స్వదేశం చేరాడు. అతని గ్రంథం చివర ఉన్న అనుబంధం ప్రకారం, తొలుత సంక్షిప్తంగా ఉన్న వృత్తాంతాన్ని వివరంగా చెప్పమని ఒకరు కోరగా అతడు మొదటి నుండి చెప్పాడు. హుయాన్‌త్సాంగ్ 629 నుండి 645 వరకు చేసిన యాత్రను, 646లో శిష్యుడు బియాన్‌జీ సహాయంతో గ్రంథంగా కూర్చాడు. చెప్పగా రాసుకొన్న యాత్రలు ఇవి. అందువల్ల చదివి వినిపించడానికి ఇవి అనువైనవని తోస్తుంది. చిక్కు వేరే చోట ఉంది.

హుయాన్‌త్సాంగ్ గ్రంథం ముందుమాట 138 రాజ్యాల వివరాలున్నాయని చెబుతూ, వాటిలో 110 అతడు స్వయంగా తిరిగినవి, 28 విని రాసినవి అని వేరు చేసింది. గ్రంథాంతంలోని మాట ఇంకా సూక్ష్మమైనది. స్వయంగా వెళ్ళిన చోట ఒక క్రియను, వినికిడి మీద రాసిన చోట మరొక క్రియను వాడినట్లు అక్కడ స్పష్టం చేశారు. అంటే చూసినదానికీ విన్నదానికీ తేడాను చైనా పాఠం ప్రతి రాజ్య వర్ణన ఆరంభంలో ఒక్క అక్షరంతో గుర్తించింది. అనువాదంలో ఆ తేడా నిలవకపోతే వాచకునికి అది అందదు. వాచకునికి అందనిది శ్రోతకు ఎన్నటికీ అందదు.

మన ప్రాంతానికి సంబంధించిన భాగంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ధాన్యకటక వర్ణనలో నగరానికి తూర్పున, పడమట ఉన్న పూర్వశైల, అపరశైల సంఘారామాలు నిర్జనంగా ఉన్నాయని అతడు చెబుతాడు. అదే వర్ణనలో, నగరానికి దక్షిణాన కొండలో భావవివేకుడు మైత్రేయుని రాక కోసం వేచి ఉండడానికి, ఆవగింజలతో కొట్టి రాతిని తెరిపించి లోపలికి వెళ్ళాడన్న ఐతిహ్యం వస్తుంది. మొదటిది యాత్రికుడు గమనించిన స్థితి. రెండవది అతడు సేకరించిన కథ. తెలుగు చరిత్ర విద్యార్థికి ఈ రెండింటి ప్రమాణం ఒకటి కాదు. కథ దగ్గర గొంతు తగ్గించి రహస్యం చెబుతున్నట్లు చదివి, నిర్జన విహారాల దగ్గర మామూలుగా సాగిపోతే, శ్రోత మనసులో కథ నిలుస్తుంది, సాక్ష్యం జారిపోతుంది.

ఫాహియాన్ గ్రంథంలో మరొక సమస్య ఎదురవుతుంది. శ్రీలంకలో పచ్చరాతి బుద్ధ విగ్రహం పక్కన ఒక వర్తకుడు చైనా తెల్ల పట్టు విసనకర్రను సమర్పించడం చూసి అతని కళ్ళ వెంట నీరు కారింది. అప్పటికి స్వదేశం విడిచి ఎన్నో ఏళ్ళయింది. తోటి యాత్రికులలో కొందరు చనిపోయారు, కొందరు విడిపోయారు. ఇంతటి ఘట్టానికి గ్రంథం ఇచ్చిన చోటు బహు స్వల్పం. పైగా కథనం చాలావరకు ప్రథమ పురుషలో "ఫాహియాన్" అని సాగుతుంది. తన కన్నీటిని తానే కొంత దూరం నుండి చెప్పుకున్న రచయిత అతడు. ఇక్కడ వాచకుడు గొంతు గద్గదం చేసుకుంటే రచయిత పాటించిన నిగ్రహాన్ని భంగపరచినట్లే. శ్రోత దుఃఖించవలసిన చోట వాచకుడే దుఃఖించి ముగిస్తాడు. ఆ వాక్యాన్ని మామూలు వేగంతో చదివి, తరువాతి వాక్యానికి ముందు కొద్దిగా ఆగడం చాలు.

7. తెలుగు భాష ఇచ్చే సాధనాలు

చూసినదానినీ విన్నదానినీ వేరు చేయడానికి తెలుగులో సహజమైన సాధనం ఉంది. "ఆ గుహలో ఆయన ఉన్నాడు" అన్న వాక్యానికీ "ఆ గుహలో ఆయన ఉన్నాడట" అన్న వాక్యానికీ ఉన్న తేడాను పసిపిల్లవాడు కూడా గ్రహిస్తాడు. "అట" చేరగానే చెప్పేవాడు సాక్షి స్థానం నుండి తప్పుకుంటాడు. హుయాన్‌త్సాంగ్ రెండు క్రియలతో చేసిన పనిని తెలుగు అనువాదకుడు ఈ ఒక్క మాటతో చేయవచ్చు.

అయితే "అట" అచ్చులో ఒకలా, గొంతులో మరొకలా పనిచేస్తుంది. చివరి అచ్చును కాస్త సాగదీస్తే ఎగతాళి అవుతుంది. మెత్తగా దించితే గౌరవంతో కూడిన వినికిడి అవుతుంది. తటస్థంగా పలికితే కేవలం సమాచార మూలాన్ని తెలుపుతుంది. అచ్చులో ఈ మూడూ ఒకే అక్షరాలు. భావవివేకుని ఐతిహ్యాన్ని చదివే వాచకుడు ఈ మూడింటిలో ఒకదానిని ఎన్నుకోక తప్పదు. ఎన్నుకోవడం అంటే యాత్రికుని విశ్వాసం గురించి ఒక నిర్ణయం చేయడం. ఈ నిర్ణయం అలవాటుగా కాక ఆలోచించి చేయవలసినది.

రెండవ సాధనం "మేము", "మనం" అనే భేదం. ఇంగ్లీషు నుండి యాత్రాకథనాలను అనువదించేటప్పుడు ఉత్తమ పురుష బహువచనం దగ్గర తెలుగు అనువాదకుడు ఆగి ఆలోచించాలి. "మేము కనుమ దాటాం" అంటే శ్రోత బయట ఉంటాడు. "మనం కనుమ దాటాం" అంటే శ్రోతను కూడా యాత్రికుల్లో కలిపినట్లు. శ్రోతతో చనువు కోసం శ్రవణ ప్రతులలో "మనం" వైపు మొగ్గడం సులభం. కాని ఆధ్యాత్మిక యాత్రలో నడిచిన శ్రమకు అర్థం ఉంది. ఆ శ్రమ పడని శ్రోతకు సాక్షి స్థానాన్ని ఉదారంగా పంచిపెట్టడం వల్ల యాత్రికుని సాక్ష్యం పలుచబడుతుంది.

సుత్తాలలోని సంబోధన కూడా ఇటువంటిదే. "భిక్షువులారా" అన్న పిలుపు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న గృహస్థు శ్రోతను ఉద్దేశించినది కాదు. దానిని "మిత్రులారా" అని మార్చడం, లేదా తొలగించడం దగ్గరితనం కోసం చేసే పని. మార్చకుండా చదివితే శ్రోత తాను ఆ సభలో లేనని, ఆనందుడు నిలుపుకున్నదానిని చాటుగా వింటున్నానని గుర్తుంచుకుంటాడు. ఆ ఎరుకే సుత్తం ఆరంభ వాక్యం కోరేది.

8. కాశీయాత్ర చరిత్ర: దినచర్య స్వరం

తెలుగు యాత్రాసాహిత్యానికి ఆద్యమైన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఈ చర్చకు మరొక కోణం చేరుస్తుంది. 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఆయన, దారిలో తాను చూసిన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాస్తూ వచ్చాడు. 1838లో అది గ్రంథంగా వెలువడింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించిన ప్రతి వచ్చింది. తీర్థయాత్ర అయినా గ్రంథంలో అధిక భాగం మజిలీలు, దూరాలు, వసతులు, దొరికే వస్తువులు, ఊళ్ళ స్థితిగతులే.

శ్రవణ ప్రతి చేసేవారికి ఈ భాగాలు అడ్డంకిగా కనిపిస్తాయి. క్షేత్ర వర్ణనలు, తాత్త్విక విచారం ఉంచి, మజిలీల పట్టికలు తీసేయాలన్న ఆలోచన సహజం. అలా తీసేస్తే యాత్రలోని నడక పోయి క్షేత్రాలు మాత్రం మిగులుతాయి. కాశీ చేరడానికి ముందు ఎన్ని ఊళ్ళు దాటాలో శ్రోత చెవికి తెలియాలి. సతిపట్ఠాన సుత్తంలోని 16 మెట్లు కాలానికి చేసిన పనినే ఇక్కడ మజిలీలు దూరానికి చేస్తాయి. రెండు చోట్లా విసుగు అనిపించే భాగమే పాఠం మోసే భారం. ఒక మిత్రునికి రాసిన ఉత్తరాల స్వరం కాబట్టి దీనికి గంభీరమైన క్షేత్రమాహాత్మ్య పఠనం కూడా నప్పదు. పనివాని చూపుతో లెక్క చెప్పే గొంతు కావాలి.

9. అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనల మీద రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, పునరుక్తులు, మజిలీలు పూర్తిగా చదివితే శ్రోతలు వినడం మానేస్తారన్నది. శ్రవణ పరికరంలో వేగం పెంచుకోవడానికీ ముందుకు దాటడానికీ వీలుంది. దాటే హక్కు శ్రోతదే. కాని ముందే కత్తిరిస్తే ఆ హక్కును శ్రోత నుండి తీసుకున్నట్లు. సంక్షిప్త ప్రతులు అవసరమైతే తప్పక రావాలి, సంక్షిప్తమని పేరుతో రావాలి.

రెండవది, ఇంత శ్రద్ధ పండితులకే అవసరం, సామాన్య శ్రోతకు కాదన్నది. నా అభిప్రాయంలో వాస్తవం దీనికి విరుద్ధం. చూపున్న పండితుడు సందేహం వస్తే అచ్చు ప్రతి తెరుస్తాడు. చూపు లేని విద్యార్థికి, చదువు రాని వృద్ధునికి శ్రవణ ప్రతే మూలప్రతి. సరిపోల్చుకోవడానికి వారికి మరొకటి లేదు. చెప్పకుండా వదిలిన పేయ్యాలం, చెరిగిపోయిన "అట" వల్ల ఎక్కువగా నష్టపోయేది వారే. యంత్రస్వరంతో గ్రంథాలను చదివించే పద్ధతి విస్తరిస్తున్న ఈ సమయంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. యంత్రం చుక్కల దగ్గర ఆగుతుంది గాని, ఆ చుక్కలలో ఏముందో అడగదు.

10. ముగింపు

సుత్తంలో విన్నవాడు ఉన్నాడు, యాత్రాకథనంలో చూసినవాడు ఉన్నాడు. వాచకుడు వారి స్థానంలో కూర్చోవలసిన పని లేదు. వారి మాట వారిదిగా వినిపించేలా చూడడమే అతని పని. ఇందుకు పాలి వాఙ్మయం ఇచ్చిన ప్రమాణం సోణుని పఠనంలో ఉంది. గ్రహించడం, నిలుపుకోవడం, అర్థం తెలిసేలా స్పష్టంగా పలకడం.

తెలుగులో వ్రాతప్రతులను సరిపోల్చి, పాఠాంతరాలు చూపి, పీఠికతో ప్రకటించే పరిష్కరణ సంప్రదాయం బలమైనది. శ్రవణ ప్రతికి కూడా ఆ మర్యాద దక్కాలి. ఏ అనువాదాన్ని చదువుతున్నారో, ఏ పేయ్యాలాలను పూరించారో, ఏవి కుదించారో, పాలి, సంస్కృత రూపాలలో ధమ్మం, ధర్మం వంటి వాటిలో దేనిని పాటించారో చెప్పే చిన్న శ్రవణ పీఠిక ప్రతి గ్రంథానికీ అవసరం. అచ్చులో హుయాన్‌త్సాంగ్ పేరు నాలుగు రకాలుగా కనిపించినా పాఠకుడు పోల్చుకుంటాడు, చెవికి అది నలుగురు మనుషులుగా తోచే ప్రమాదం ఉంది. అందువల్ల పేర్ల ఉచ్చారణనూ ఆ పీఠికలోనే స్థిరపరచాలి. నాగార్జునకొండ వాచకుల వెనుక సరిచూసే సంఘం ఉండేది. నేటి వాచకుని వెనుక ఆ స్థానంలో విశ్వవిద్యాలయాల, కళాశాలల తెలుగు శాఖలు నిలబడవచ్చు. విద్యార్థులచేత ఒక సుత్తాన్ని, ఒక యాత్రాధ్యాయాన్ని శ్రవణ ప్రతిగా పరిష్కరింపజేయడం పరిశోధన పద్ధతుల బోధనలో భాగం కాదగినది. పాఠాన్ని గొంతుతో చదివి వినిపించవలసి వచ్చినప్పుడు, ఆ పాఠంలో ఎవరు మాట్లాడుతున్నారన్న ప్రశ్నను విద్యార్థి దాటవేయలేడు.